కాటా దగ్గర మావయ్య గారు

"ఉమా! ఇంకో ఇటుక పెట్టమని మీ నాన్నగారికి చెప్పు!"

వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని శరత్‌చంద్ర కేకేశాడు. మావగారితో నేరుగా మాట్లాడేది లేదని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు మరి! కాటా వీధి వరండాలో ఉంది. దాని వైరు హాలు దాటి, వంటిల్లు దాటి, ఇతని గదిలోకి వచ్చింది. మధ్యలో వంటింట్లో ఉమాకుమారి. రాయబారమంతా ఆమెదే.

"చెబుతానండీ," అన్న గొంతూ గాజుల చప్పుడూ వరండా వైపు వెళ్ళాయి. కాసేపటికి స్క్రీన్ మీద అంకె మారింది. ఆ వెంటనే విండో మొత్తం తెల్లబోయి బిగుసుకుపోయింది. ఏది నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

శరత్ తల పట్టుకున్నాడు. ఉండిలో చేపల ప్యాకింగ్ షెడ్డున్న అబ్బాయిరాజు గారు సాయంత్రం వస్తున్నారు. చేపల ట్రే కాటా మీద పెట్టగానే బరువు కంప్యూటర్‌లోకి ఎక్కాలి. కిందటిసారి ఆయన కళ్ళముందే ఇలా హ్యాంగ్ అయితే, "ఈసారి కూడా ఇంతేనంటే మేం బెజవాడ వాళ్ళకి చెప్పుకుంటామండీ," అని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళారు. ఉన్న ఉద్యోగం వదులుకుని ఏలూరులో సొంతంగా పెట్టుకున్న పనికి ఇదే మొదటి బేరం. ఇది పోతే ఇంకోడు గుమ్మం తొక్కడు.

ఆ కంగారులో ఉండగానే పొద్దున్న మావగారు సుబ్రహ్మణ్యం గారు ఓ చెణుకు విసిరారు. తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, చేపల ట్రేలకి బదులు కాటా మీద ఇటుకలు పెట్టే సాయానికే వచ్చారు. "అల్లుడు గారూ, మీ ప్రోగ్రాం కూడా మీలాగేనండీ, పిలిస్తే పలకదు," అన్నారు. నవ్వించడానికే అన్నారు పాపం. శరత్‌కి నవ్వు రాలేదు. "తెలియని వాటిలో వేలు పెట్టకండి," అనేశాడు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కండువా దులుపుకుని బయటికి నడిచారు.

ఉమ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమంటున్నారు మీ నాన్నగారు?"

"కంగారు పడొద్దు, నిదానంగా చూసుకోమన్నారండీ. సాయంత్రం దాకా పెట్టమన్నా పెడతారట."

"ఆయనే అన్నారా?"

"వరండాలో ఇంకెవరున్నారండీ అనడానికి!"

అంత మాటన్నా పెద్దాయన ఏమీ మనసులో పెట్టుకోలేదు. తనకే బుద్ధి లేదనుకున్నాడు శరత్.

కాసేపటికి హాల్లోంచి ఉమ గొంతు మెల్లగా వినిపించింది. "అవును నాన్నా... ఆయనే చెప్పమన్నారు... నోరు జారానని ఒకటే బాధ పడుతున్నారు."

ఎంత అబద్ధం! తనెప్పుడు చెప్పమన్నాడు? కానీ కాదని అరవడానికి నోరు రాలేదు. నిజంగానే బాధ పడుతున్నాడు కదా!

ఇంతలో మాడు వాసన గుప్పుమంది. "అయ్యో, నా పప్పు!" అంటూ ఉమ వంటింట్లోకి పరిగెత్తింది. మొహమంతా చెమట. కొంగుకి ఎర్రటి పొడి అంటుకుని ఉంది. కారం డబ్బా కూడా ఒలకబోసిందేమో అనుకున్నాడు శరత్.

"ఇంకనుంచీ మీ మాట అక్కడ పడేసి వచ్చేస్తానండీ," అంది ఆమె గరిటె ఝాడిస్తూ. "బదులు కోసం అక్కడే నిలబడితే ఇక్కడ పొయ్యి ఎవరు చూస్తారు?"

కీబోర్డు మీద శరత్ చెయ్యి ఆగిపోయింది.

అతని ప్రోగ్రాంలో పనివాళ్ళు ఇద్దరు. ఒకడు స్క్రీన్ దగ్గర కూర్చుని, వచ్చిన మెసేజ్‌లు వరసగా అందుకుని ఒక్కోదానికీ జవాబు చెప్పేవాడు. రెండోవాడు వర్కర్ థ్రెడ్, కాటా దగ్గర బరువు చూసి మోసుకొచ్చేవాడు. శరత్ ఏం చేశాడంటే, మోసుకొచ్చినవాణ్ణి 'అందింది' అనిపించుకునేదాకా కదలొద్దన్నాడు. స్క్రీన్ వాణ్ణేమో, మోసేవాడు పని ముగించేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు. ఇంకేముంది! నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ బిగదీసుకుని కూర్చున్నారు. అచ్చం ఈ ఇంట్లో మామా అల్లుళ్ళలాగే.

గబగబా మార్చాడు. ఇకమీదట మోసేవాడు మెసేజ్ వరసలో పడేసి తన దారిన తను పోతాడు. స్క్రీన్ వాడు ఎవరికోసమూ ఆగడు, వరస వచ్చినప్పుడు తీసి చూస్తాడు.

"ఉమా! ఈసారి ఆపకుండా పెట్టమను!"

వరండాలో ఇటుక మీద ఇటుక పడిన చప్పుడు. స్క్రీన్ మీద అంకెలు గలగలా పరిగెత్తాయి. మౌస్‌తో లాగితే విండో కదిలింది. బటన్ నొక్కితే పలికింది. ఇటుకలు పడుతూనే ఉన్నాయి, అంకెలు మారుతూనే ఉన్నాయి, ఎక్కడా బిగుసుకోలేదు.

శరత్ కుర్చీలోంచి చిన్నపిల్లాడిలా గెంతాడు. అబ్బాయిరాజు గారు ఇప్పుడే వచ్చినా భయం లేదు. అయితే ముందు ఆయనకి కాదు, ఇంకొకరికి చెప్పాలి. రాయబారాలు చాలు. మావగారి చేతులు పట్టుకుని క్షమించమని తనే అడగాలి. పాపం, ఆ వయసులో పొద్దుట్నుంచీ ఇటుకలు మోస్తున్నారు.

అతను హాల్లో అడుగు పెట్టేసరికి ఫోన్ మోగింది. ఉమ వరండాలోంచి పరుగున వచ్చింది గానీ, అప్పటికే అతను రిసీవర్ ఎత్తేశాడు.

"అల్లుడు గారూ, నేనండీ, గూడెం స్టేషన్ దగ్గర బూత్‌లోంచి. పొద్దున్న కోపంలో రైలెక్కి వచ్చేశాను గానీ, మీరు అమ్మాయి చేత అన్నిసార్లు ఫోన్ చేయించాక ఇంకా బెట్టు చేస్తే ఏం బాగుంటుంది? ఇదిగో, బయల్దేరుతున్నాను. ఇంతకీ నేను లేకుండా పొద్దుట్నుంచీ ఆ కాటా మీద ఇటుకలు ఎవరు పెడుతున్నారండీ?"