బ్లాక్ ట్యాంకు

హ్యాండిల్ పూర్తిగా లాగినా గొట్టంలోంచి చెంబెడు నీలం నీళ్లు కారి ఆగిపోయాయి.

దివాకర్ గొట్టాన్ని కాలితో తట్టి చూశాడు. లోపలే మంచాలూ టాయిలెట్టూ ఉన్న ఈ అద్దె ఆర్వీలో కాపెల్‌లోని ఇంటి నుంచి బయల్దేరి ఇది రెండో రోజు. బండిలో ఉన్నది తను, భార్య రష్మి, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు. టాయిలెట్ కింద ఉన్న బ్లాక్ ట్యాంకులో చేరిందంతా ఇలాంటి బండ్లు ఆగే ఈ న్యూ మెక్సికో పార్కులో, నేలలో ఉన్న కన్నంలోకి పోవాలి. ఆ నీలం నీళ్లు బండి అద్దెకిచ్చినవాడు మొదట్లోనే పోసిన మందు. మరి నలుగురు మనుషులది ఏమైనట్టు?

"గడ్డకట్టేసింది," అన్నాడు గ్లవ్స్ తొడుక్కున్న చేతులు ఒంటికి తగలకుండా ఎత్తిపట్టి. "నీళ్లు తక్కువైతే అడుగున సిమెంట్‌లా పట్టేస్తుందని వాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు."

"అయితే ఇప్పుడేం చేద్దాం?" రష్మి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి పెట్టి లాగడమే."

వెనకాల వంతు కోసం ఆగిన పెద్ద బండి ఒకసారి హారన్ కొట్టింది. ఎండ నిప్పులు చెరుగుతోంది.

నీడ చూసుకుని నిలబడ్డ మామగారు కేశవరావు గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు చూసి వాడమన్నది మీరే కదా బాబూ."

దివాకర్‌కి తల కొట్టేసినట్టయింది. నిజమే, అన్నది తనే. బండివాడు ట్యాంకు ఖాళీ చేసే పద్ధతి చూపిస్తుంటే అత్తమామలు వింతగా చూస్తూ పక్కనే నిలబడ్డారు. "కాస్త చూసి వాడండి, ఎత్తిపోయాల్సింది నేనే" అని తను నవ్వుతూ అన్నాడు. అత్తగారు జ్ఞానప్రసూన మాత్రం నవ్వలేదు.

అప్పటి నుంచీ ఆవిడది ఒకటే ముభావం. కాఫీ కలిపి ఇస్తే వద్దంది. మజ్జిగ ఇస్తే వద్దంది. పులిహోర నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని చెయ్యి కడిగేసుకుంది. నీళ్ల బాటిల్ చేతిలో పెడితే మూత కూడా తీయకుండా పక్కన పెట్టింది. ఒక్క మాటకి ఇంత పంతమా అని దివాకర్‌కి లోపల ఉడుకుతూనే ఉంది. ఇవాళ పొద్దుటి నుంచి తలనొప్పంటూ వెనక మంచం మీద పడుకుని లేవనేలేదు.

"మీ అమ్మ అలక తర్వాత చూద్దాం. ముందు నువ్వు లోపలికెళ్లి టాయిలెట్‌లో బకెట్లకి బకెట్లు నీళ్లు పొయ్యి," అన్నాడు.

"దివా, అమ్మ నిజంగానే డల్‌గా ఉంది. జనరేటర్ ఆపేశాం కదా, లోపల ఏసీ కూడా లేదు."

"వెనకాల వాళ్లు మన మీదికొచ్చేలా ఉన్నారు. తొందరగా కానియ్యి!"

రష్మి విసురుగా లోపలికి వెళ్లింది. దివాకర్ మోకాళ్ల మీద కూర్చుని, మొహం పక్కకి తిప్పుకుని గొట్టం గట్టిగా పట్టుకున్నాడు. ఏ క్షణాన ఏం విరుచుకుపడుతుందోనని ఒళ్లంతా బిగుసుకుపోయింది.

లోపల నీళ్లు పోసిన చప్పుడయింది. గొట్టం గుడగుడలాడింది. ఆ వెంటనే ధారగా నీళ్లు దూకాయి.

మంచినీళ్లంత తేటగా ఉన్నాయి.

దివాకర్ వంగి చూశాడు. గడ్డ లేదు. కంపు లేదు. ట్యాంకు గడ్డకట్టలేదు, అందులో అసలు ఏమీ లేదు.

"మామయ్యగారూ, మీరు ఈ టాయిలెట్ వాడలేదా?"

"అబ్బే, పెట్రోల్‌కి ఆపిన చోటల్లా దిగి వెళ్లొస్తూనే ఉన్నాను కదా."

"నేనూ అంతే," అంది రష్మి కిటికీలోంచి. "మళ్లీ నువ్వే క్లీన్ చేయాలి కదా అని పాపం అనిపించింది."

తనూ అంతే. ఎత్తిపోసుకునే బాధ తప్పుతుందని ఒక్కసారీ వాడలేదు.

"మరి అత్తయ్యగారు?"

"అమ్మ పెట్రోల్ బంకుల్లో దిగదుగా. అక్కడ నీళ్లుండవు, ఉత్త పేపర్ అంటుంది. నిన్న రాత్రి పార్కు బాత్‌రూమ్‌కి నాతో వచ్చింది, అంతే. తర్వాత..." రష్మి గిరుక్కున మంచం వైపు తిరిగింది.

లోపల ఏదో దబ్బున పడింది.

దివాకర్ గొట్టం వదిలేసి ఒక్క ఉదుటున మెట్లెక్కాడు. జ్ఞానప్రసూన మంచం పక్కన నేల మీద ఒరిగిపోయి ఉంది. పెదాలు ఎండి పగుళ్లు వారాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. రష్మి ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని "అమ్మా, అమ్మా" అంటూ చెంపలు తడుతోంది. కేశవరావు తువ్వాలు తడిపి నుదుటి మీద వేశాడు.

కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది. అప్పటికే దివాకర్ ఫోన్‌లో అంబులెన్స్‌కి అడ్రస్ చెప్పేశాడు. గ్లాసులో ఉప్పూ పంచదారా కలిపి నీళ్లు తెచ్చి పక్కన చతికిలపడ్డాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నా మాటకి కోపం వచ్చుంటే నన్ను నాలుగు తిట్టండి అత్తయ్యగారూ. ఇలా ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? మీ కాళ్లు పట్టుకుంటాను, తాగండి."

ఆవిడ కంగారుగా కాళ్లు ముడుచుకుంది. గ్లాసు వైపు చూసింది, తర్వాత అతని చేతులకి ఇంకా ఉన్న గ్లవ్స్ వైపు చూసింది.

"ముందు అవి తీసి మీ మామయ్యగారికి ఇచ్చేయండి బాబూ, అప్పుడు తాగుతాను," అంది నీరసంగా. "పీటల మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగిన అల్లుడి చేత నాది ఎత్తిపోయించుకుంటానా?"