మధ్యవర్తి మరిచిపోయిన మాట

ఒసాకా వ్యాపారి మొరీటా రంగు వెలిసిపోయిందంటూ కలంకారీ బట్టలన్నీ తిప్పి పంపాడు. పెడన అద్దకందారు నాంచారయ్యకు అది తలవంపులైంది. తగవు మధ్యవర్తి సుభాషిణి దగ్గరికి వచ్చింది.

ఆమె వీడియో తెర మీద మొరీటాతో విడిగా మాట్లాడినప్పుడు ఆయన తల దించుకున్నాడు. "రంగులు బాగానే ఉండి ఉంటాయి. నా చూపే పోతోంది. మావాళ్లకు తెలియనివ్వకండి."

"నాంచారయ్యగారికి ఒక్కరికే చెప్పనా?"

ఆయన ఒప్పుకున్నాడు.

సంగతి విన్న నాంచారయ్య కోపమంతా దిగిపోయింది. "అయ్యో, ముందే తెలిస్తే ఇంత గొడవ చేద్దునా! ఇకమీదట ఒక్కో రంగుకీ అంచులో ఒక్కో రకం కుట్టు వేయిస్తానమ్మా. తడిమితే తెలిసిపోద్ది. ఎందుకని ఎవరడిగినా చెప్పను."

రంగుల్లో లోపం లేదని మొరీటా రాసిచ్చాడు. ఆ కాలపు మధ్యవర్తులందరిలాగే సుభాషిణి కూడా మరపు కుర్చీలో కూర్చుని, రహస్యాలు బయటికి పొక్కకుండా విన్నదంతా మనసులోంచి చెరిపించుకుని ఇంటికి వెళ్లింది.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న భర్త ఆమె ముఖం చూసి చెయ్యి ఆపాడు. "ఏడ్చావా?"

"ఏడ్చినట్టున్నానండీ. ఎవరి కోసమో గుర్తులేదు," అంటూ ఆమె పక్కన కూర్చుంది. "బాధగా మాత్రం లేదు. ఎవరో ఎవరినో కడుపులో పెట్టుకుని చూసుకున్నట్టుంది."