శనివారం నాటి కోడికూర

వంటయంత్రం మెదడు వేగానికి కంపెనీవాళ్లు తాళం వేసి పంపారు. పప్పు ఉడకడానికే పూట గడిచిపోయేది. ఓపిక నశించిన ధనకుమారి మెకానిక్ సుభానీని పిలిచింది.

"చవక బోర్డమ్మా ఇది. ప్రాసెసర్ ఒక్కటే పరిగెత్తదు. లోపలి గడియారం కూడా ఉరుకుద్ది. తర్వాత నన్ననొద్దు," అంటూనే అతను వేగం పెంచి వెళ్లాడు.

వారమంతా యంత్రం వంటల్లో విజృంభించింది. శనివారం పొద్దున్నే, అత్తగారు నాగరత్నమ్మ వెంకన్నకు ఒంటిపూట ఉండే రోజున, అది ఆదివారం వచ్చేసిందనుకుని మసాలా దట్టించి కోడికూర వండేసింది.

ఘుమఘుమలకు నాగరత్నమ్మ వంటింట్లోకి వచ్చింది. ధనకుమారి గబగబా ఎదురెళ్లింది.

"అత్తయ్యా, దాని లెక్కలో ఇవాళ ఆదివారమంట..."

నాగరత్నమ్మ మూత తీసి చూసింది.

"యంత్రం కంటే మనకెక్కువ తెలుసేంటే?" అంటూ గోడ కాలెండరులో శనివారం కాగితం చింపేసి, పీట వాల్చుకుంది.