పడితే ఎవరికి చెప్పాలి

చెరువు గట్టు మీద సైకిల్ తొక్కుతున్న తన ఫొటోను స్టాన్లీ పోయిన ఆదివారం నాకు పంపాడు. "నువ్వు కథల్లోనే తొక్కగలవు, భుజంగరావ్" అని కింద రాశాడు. నా పుస్తకాన్ని "చదివి మర్చిపోవచ్చు" అని సమీక్షలో తేల్చేసిన మనిషి వాడు. చదవకుండానే రాశాడని నాకు తెలుసు. అప్పటినుంచి మేం ఒకరినొకరు పొడుచుకోవడానికి తప్ప మాట్లాడుకోలేదు.

అదే గట్టు మీద అంతకంటే మంచి ఫొటో దిగి వాడికి పంపాలని ఈ ఉదయం సర్జాపుర రోడ్డులో సైకిళ్లు అద్దెకిచ్చే చోటికి వెళ్లాను.

కౌంటర్లో అమ్మాయి హెల్మెట్ ఇచ్చింది. నేను పెట్టుకున్నాను.

"మీరు కింద పడితే ఫోన్ చేసేకి ఒక నంబర్ చెప్పండి సార్. ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

ఎవరూ లేరు. స్టాన్లీ నంబరు చెప్పాను. నేను పడితే ఆ అరిగిన మోకాళ్లతో వాడే పరిగెత్తుకు రావాలి.

నంబరు కొడుతూ, తెర మీద వచ్చిన పేరు చూసి ఆమె ఆగిపోయింది.

"స్టాన్లీ సార్‌దా? అయితే మీరు భుజంగరావు సారా? ఆ సార్ ఆదివారం గట్టు మలుపులో పడిపోయె. మీ పేరు, మీ నంబరే ఇచ్చిండె, ఎన్నిసార్లో చేస్తిమి. మీరు కట్ చేస్తిరి."

తెలియని నంబరు. లోన్లు అమ్మేవాళ్లనుకొని బ్లాక్ కూడా చేశాను.

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఆస్పత్రికి పోయేలోపలే పాయె సార్."

ఆమె తెర మీది నంబరు చెరిపేసింది. తర్వాత మెల్లగా అంది.

"ఇంకెవరిదన్నా నంబర్ చెప్పండి సార్. లేకుంటే సైకిల్ ఇచ్చేకి కాదు."

హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాను.