పాత పేపర్లున్నాయా అంకుల్

శనివారం ఉదయం గిరిజకు ఏమీ తోచలేదు. పాత పేపర్లతో ఇంట్లో ఏమేం చేసుకోవచ్చో ఇంటర్నెట్‌లో ఉన్నవన్నీ అయిపోయాయి. అరల్లో పరచడం, అద్దాలు తుడవడం, తడిసిన బూట్లలో కుక్కడం, గిఫ్టులకు చుట్టడం. అన్నీ ఎదుటి బిల్డింగు అంకుల్‌కి చెప్పేసింది.

నేపర్‌విల్‌లో ఉన్న స్నేహితురాలు రష్మికి ఫోన్ చేసింది.

“ఊకె పోవే. పెద్దాయననే గదా” అంది రష్మి.

“ఊరికే ఎలా వెళ్ళనే? మొదటిసారి అలాగే వెళ్తే గుమ్మంలోనే ‘ఏం కావాలమ్మా?’ అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు. పక్కన పేపర్లు కనిపిస్తే అవి కావాలన్నాను.”

“మరి తెచ్చినవన్నీ ఏం చేస్తున్నవ్?”

“ఒక్క గది ఇల్లు. ఎక్కడ పెట్టను? రీసైక్లింగ్ డబ్బాలో వేసేస్తున్నా.”

“ఆయనకు తెలిస్తే?”

“ఇంక ఇవ్వరు. ఇవ్వకపోతే ఏమని వెళ్ళను?”

గిరిజ సాఫ్ట్‌వేర్ టెస్టర్. హెర్న్‌డన్‌లో అద్దెకుంటోంది. ఆఫీసు ఇంట్లోనే. వారమంతా ఆమెతో మనుషులు మాట్లాడేది మీటింగుల్లోనే. అక్కడ ఎవరూ కెమెరా ఆన్ చేయరు. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి వీరభద్రరావు ఒక్కడే. ఎదుటి బిల్డింగులో కింది వాటా ఆయనది. కెమికల్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

గిరిజ బెల్ కొట్టింది. ఆయన తలుపు తీశాడు.

“పాత పేపర్లున్నాయా అంకుల్?”

“ఉన్నాయి. రా, కూర్చో. టీ పెడతాను. పోయినవారం కట్టతో ఏం చేశావు?”

“మొక్కలకి కుండీలు చేశాను.”

“పేపర్‌తోనా? నీళ్ళు పోస్తే నానిపోవూ?”

“నానినా పర్లేదు అంకుల్. మొక్కతో పాటు కుండీని కూడా మట్టిలో పెట్టేయడమే.”

“ఈ మంచులోనా?”

గిరిజ కిటికీ వైపు చూసింది. పార్కింగ్ లాట్‌లో మంచు పారతో ఎత్తి కుప్పలు పోశారు.

“ఇప్పుడు కాదు. ఏప్రిల్‌లో పెడతాను.”

“ఓహో. అందాకా ఖాళీ కుండీలకి కాపలానా?”

ఆయన నవ్వాడు. గిరిజ కూడా నవ్వింది. ఆయన వంటింట్లోకి వెళ్ళి రెండు కప్పులతో వచ్చాడు.

“మా అమ్మ ఏం చేసేదో తెలుసా? పేపర్లు చింపి నానబెట్టేది. మెంతులేసి రుబ్బేది. ఆ గుజ్జుని తట్టకి పూసి ఎండబెట్టేది. అందులో బియ్యం పోసుకునేవాళ్ళం.”

“చిల్లుల్లోంచి కారకుండానా?”

“ఒక్క గింజ కారేది కాదు. నువ్వూ చెయ్యి. మిక్సీ ఉందిగా?”

“ఉంది.”

“మెంతులు?”

“ఉన్నాయి అంకుల్.”

“ఇంకేం. ఎలా వచ్చిందో వచ్చే శనివారం చెబుదువుగాని. పూత పలచగా వేస్తే బీటలిస్తుంది. అప్పుడు మళ్ళీ వెయ్యాలి. మళ్ళీ పేపర్లు కావాలి.”

“మళ్ళీ వస్తాను.”

“రా మరి.”

తర్వాత మాటలు మెంతికూర మీదికి వెళ్ళాయి. అక్కడి నుంచి ఆయన మోకాలి మీదికి, గిరిజ మేనేజర్ మీదికి. టీ అయిపోయింది. ఆయన మళ్ళీ పెట్టాడు.

గిరిజ లేచేసరికి గోధుమరంగు కాగితపు సంచి తెచ్చిచ్చాడు. లోపల పేపర్లు. మూతి మడిచి టేపు వేసి ఉంది.

“నిజంగా పనికొస్తున్నాయా? మొహమాటానికి మోసుకెళ్ళట్లేదు కదా?”

“అయ్యో, లేదంకుల్. మీరు పేపర్ ఆపేయకండి, అంతే.”

“ఎందుకాపుతాను?”

గిరిజ సంచి పట్టుకుని బయటికొచ్చింది. ఆయన కిటికీకి ఎదురుపడకుండా బిల్డింగు చుట్టూ తిరిగి వెళ్ళింది. మెయిల్ బాక్సుల వెనక రీసైక్లింగ్ డబ్బా ఉంది. టేపు ఊడదీయకుండా సంచిని అందులో వేసి ఇంటికి నడిచింది. దారిలో రష్మికి మెసేజ్ పెట్టింది: ‘వచ్చే వారానికి ఐడియా దొరికింది. పాపం, ఆయనే చెప్పారు.’

మర్నాడు పొద్దున, వేసవిలోనే పేపర్ తెప్పించుకోవడం మానేసిన వీరభద్రరావు ఆ డబ్బా మూత ఎత్తి, ప్రతి ఆదివారంలాగే ఆ సంచిని బయటికి తీసి, వచ్చే శనివారం గిరిజకివ్వడానికి ఇంటికి తీసుకెళ్ళాడు.