ఈత నేర్పే కాలేజీ

పడవ ఒడ్డు వదిలాక గానీ రాంబాబుకు లైఫ్ జాకెట్ సంగతి గుర్తు రాలేదు. అడిగాడు.

"పక్క లంకకేగా సార్. దేనికి?" అన్నాడు ఎల్లారావు, ఇంజను దగ్గర నుంచి కదలకుండా.

రాంబాబుకు ఈత రాదు. అయినా సర్దుకుని కూర్చున్నాడు. అతను ఓ ప్రైవేటు కాలేజీ పీఆర్వో. రిక్రియేషన్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ, అంటే పార్కులు, బోటింగ్, క్యాంపులు నడపడం నేర్పే కోర్సు. అందులో ఒక్క సీటైనా నింపకపోతే ఇక పనిలోకి రావద్దని మేనేజర్ పొద్దున్నే చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే భవానీపురం నుంచి ఈ చేపల ఎల్లారావు ఫోను. కూతురు నాగలక్ష్మికి ఆ కోర్సే కావాలట. గుంటూరులో ఇంకో కాలేజీ కూడా చూశారట. పిల్ల నది మధ్య లంకలో పిన్ని ఇంట్లో ఉంది, మీరొచ్చి మాట్లాడితే ఇవాళే తేల్చేస్తుంది అన్నాడు.

ఇంటర్ మార్కులు కూడా అడగకుండా రాంబాబు బండి తీశాడు. వేసవిలో ఇల్లిల్లూ తిరిగే పీఆర్వోల పద్ధతే అది. సీటు నిండుతుందంటే ఎక్కడికైనా వెళ్తారు, ఏదడిగినా ఉందంటారు.

పడవ ఎక్కేముందు ఒడ్డున ఎల్లారావు భార్య మంగాయమ్మ మజ్జిగ ఇచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుంటూ అతని మొహంలోకి అదే పనిగా చూసింది.

"పిల్లలకి ఈత నేర్పుతారా?" పడవ నడుపుతూ ఎల్లారావు అడిగాడు.

"మాకు సొంత స్విమ్మింగ్ పూలే ఉందండీ."

అలాంటిదేమీ లేదు.

"నీళ్లలోకి దింపేటప్పుడు జాకెట్లు?"

"అందరికీ ఇస్తామండీ. అది మా రూలు."

ఎల్లారావు తల ఊపాడు. నిరుడు మీ కాలేజీ క్యాంపులో ఓ కుర్రాడు పోయాడటగా అన్నాడు, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా.

ఈ ప్రశ్నకు రాంబాబు దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"మాట వినే రకం కాదండీ ఆ అబ్బాయి. తాగి నీళ్లలో దూకాడు. కాలేజీ తప్పేం లేదు."

"తాగాడా?"

"అందరూ చూశారండీ."

అతన్ని చేర్పించింది ఎవరని ఎల్లారావు అడిగితే, తానేనన్నాడు రాంబాబు. ఇంటర్ హాస్టల్ గేటు దగ్గరే మాట్లాడి ఒప్పించాడట, ఇంటిదాకా వెళ్లే పనే పడలేదట. ఆ అబ్బాయి చనిపోయిన వారమే తనను ఏలూరు వైపు పంపేశారు కాబట్టి తల్లిదండ్రులనూ చూడలేదట. కుర్రాడి పేరడిగితే గుర్తు రాలేదు.

ఇంజను ఆగింది. నది నడిమధ్య పడవ మెల్లగా పక్కకు తిరిగింది. ఇటు ఒడ్డూ దూరమే, అటు లంకా దూరమే. కనుచూపు మేరలో మరో పడవ లేదు. రాంబాబు కూర్చున్న చెక్కను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆపేశారేంటండీ? అక్కడ మీ అమ్మాయి ఎదురుచూస్తుంటుంది."

ఎల్లారావు లేచి నిలబడ్డాడు.

"నిరుటిదాకా నాకుండేది ఒక్క కొడుకేనండీ."