నోరు విప్పనన్న మాట

“సిరంజి నింపావా మల్లేశ్వరీ?” అడిగాడు డాక్టర్ కార్తిక్.

“నింపానండి,” అని నర్సు అటు తిరిగి కత్తెరలు సర్దుకోసాగింది.

కార్తిక్ దాన్ని అందుకుని సెలైన్ గొట్టంలోకి ఎక్కించేశాడు. హెర్నియా ఆపరేషన్ అయిపోయింది. మత్తు గ్యాస్ ఆపేశారు. కండరాలను పడుకోబెట్టిన మందుకు ఈ విరుగుడు పనిచేస్తే పేషెంటులో కదలిక వస్తుంది. కార్తిక్‌కి మంగళగిరిలో ఇంకో కేసుంది.

జానకిరామయ్య గారికి ఏదో తేడా కొట్టింది.

బ్రాడీపేటలోని ఆ చిన్న నర్సింగ్ హోంలో ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా చేసిన మనిషాయన. ఆ విరుగుడు గుండె వేగాన్ని పడగొడుతుంది. పడకుండా గ్లైకో అనే మందు కలిపి ఇవ్వాలి. దాన్ని మాత్రం నర్సులు ముట్టుకోకూడదు, డాక్టరే కలపాలి అని రూలు పెట్టింది ఆయనే. మల్లేశ్వరి ఇప్పటికీ ఆ రూలు దాటదు. ఇక్కడ మత్తు డాక్టరుగా మొదటి కేసు చేస్తున్న కార్తిక్‌కేమో, నింపానంటే రెండూ కలిపి నింపినట్టే. గ్లైకో ఉండే చిన్న గాజు ఆంప్యూల్ మెడ విరిచిన చప్పుడు కూడా వినపడలేదు.

చెప్పాలి. కానీ పొద్దున కార్తిక్ నవ్వుతూనే దణ్ణం పెట్టాడు. “సర్, మీ సలహాలతో నన్ను చంపకండి. ఈ ఒక్క కేసూ నాకొదిలేయండి.” నోరు విప్పనని ఈయనా మాటిచ్చారు.

మానిటర్ కేసి చూడాల్సిన పని లేదు ఆయనకు. బీప్ వింటే అంకె చెప్పగలరు. డెబ్బై. అరవై. యాభై.

“తగ్గుతోందండి,” అంది మల్లేశ్వరి.

“పెద్ద వయసు కదా, బీపీ మాత్రలు కూడా వాడుతున్నారు. అదే లేస్తుంది.”

నలభై రెండు. వెధవ రూలు! గోడకు రాసి అంటించలేదు. కొత్తవాడికి చెప్పనూ లేదు. తనే వచ్చి అడగనీ అని బిగుసుకు కూర్చున్నారు. ఇప్పుడా బిగువుకి ఒక ప్రాణం పోబోతోంది. గ్లైకో కలపలేదురా అని ఒక్క ముక్క అంటే చాలు. పెదవి కదల్లేదు.

మల్లేశ్వరి కత్తెరలు వదిలేసి మానిటర్ దగ్గరికొచ్చింది. “పెద్ద సారుని ముందే ఒక మాట అడగాల్సిందండి.”

“ఇప్పుడెలా అడుగుతాం?” విసుక్కున్నాడు కార్తిక్.

ముప్పై. ఇరవై నాలుగు. తర్వాతి బీప్ కోసం జానకిరామయ్య గారు ఎదురుచూశారు.

ఆపరేషన్ బల్ల మీద ఉన్నది ఆయనే.